పన్ను తగ్గింది, పింఛను పెరిగింది... మరి మా బజారులో బేరాలు ఏవీ?

గంటస్తంభం బట్టలకొట్టు
విజయనగరంలో మా నాన్నగారి కాలం నుంచి బట్టల కొట్టు నడుపుతున్నాం. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించినప్పుడు చాలా ఆశపడ్డాను. వెయ్యి దాటిన రెడీమేడ్ చొక్కాకి అంతకుముందు 12 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు 2,500 దాకా 5 శాతమే. దసరా, సిరిమాను జాతర, దీపావళి వరసగా వస్తున్నాయి కదా అని అరువు మీద సరుకు బాగా దింపాను. సిరిమాను వారమంతా కొట్లో నిలబడడానికి చోటు లేదు. దీపావళి దాటాక మళ్లీ మామూలే. నిన్న రాత్రి షట్టర్ దించే వేళకి అయిన బేరం మూడు లంగాలు, ఒక తువ్వాలు.

టీవీలో రోజూ చెబుతున్నారు. ప్రభుత్వం పన్ను తగ్గిస్తే జనం చేతిలో డబ్బు మిగులుతుంది, వాళ్లు కొంటారు, కొంటే ఫ్యాక్టరీలు నడుస్తాయి, దేశం గాడిన పడుతుంది అని. వినడానికి బాగానే ఉంది. మరి ఆ గొలుసు మా వీధికి వచ్చేసరికి ఎక్కడ తెగిపోతోంది? తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే అడగడం లేదు. సరుకు తాలూకు బాకీ నెత్తి మీద ఉంది.

చంపావతి గట్టు
కోతలు కానివ్వండి. ధాన్యం ఇంకా కళ్లాల్లోనే ఉంది. 2025-26కి మద్దతు ధర క్వింటాలుకి 2,369. ఆ డబ్బు రైతు ఖాతాలో పడితే మీ కొట్టు కూడా కళకళలాడుతుంది.

గంటస్తంభం బట్టలకొట్టు
కోతల ముందు గిరాకీ తగ్గడం నాకు కొత్త కాదండి. కానీ వెనకటి నవంబరుల్లో ఇంత పల్చగా ఉండేది కాదు.

డెంకాడ కుర్రోడు
నేను చెప్తాను అన్నా. 350 సీసీ లోపు బళ్ల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. దసరాకి షోరూం దగ్గర జాతరే. మా తమ్ముడూ ఒకటి తీసుకున్నాడు. ఇప్పుడు నెలకి 3,900 ఈఎంఐ, రెండేళ్లు. ఏటా దీపావళికి రెండు జతల బట్టలు కొనేవాడు, ఈసారి ఒక్క టీషర్టు కూడా తీయలేదు. మీ దగ్గరికి రావాల్సిన డబ్బు బండి ఎక్కి వెళ్లిపోయింది.

లెక్కల మాస్టారు
డెంకాడ తమ్ముడు అసలు సంగతి పట్టుకున్నాడు. పన్ను తగ్గింపు చాలాసార్లు చేసే పని, వచ్చే ఏడాది కొనాల్సిన వస్తువును ఈ ఏడాదే కొనిపించడం. గిరాకీ ముందుకు జరుగుతుంది. పెరిగిందా లేదా అన్నది ఆ తర్వాతి నెలల్లో గానీ తెలియదు.

నా సంగతి కూడా చెప్తాను. 2025 బడ్జెట్లో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేశారు. 12 లక్షలు వచ్చేవాళ్లకి 80 వేలు మిగులుతాయని చెప్పారు. నా జీతం అంత లేదు గానీ నెలకి నాలుగు వేలకి దగ్గరగా కలిసొస్తోంది. ఆ డబ్బుతో నేనేం కొన్నాను? ఏమీ కొనలేదు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజుకని మా ఆవిడ గాజులు కుదువ పెట్టాం. బంగారం తులం 1,20,000 దాటిపోయిందని వింటున్నప్పుడల్లా ఆవిడ నా వైపు చూసేది. మొదటి ఆరు నెలల మిగులు, దానికి తోడు చీటీ డబ్బు కలిపి ఆ గాజులు విడిపించాం. ఆ రోజు ఆవిడ వాటిని వేసుకోలేదు. చీర మడతలో పెట్టి బీరువా తాళం వేసింది.

అప్పులో ఉన్నవాడి చేతిలో డబ్బు పెడితే ముందు అప్పు తీరుస్తాడు. భయంలో ఉన్నవాడి చేతిలో పెడితే దాచుకుంటాడు. 1999లో జపాన్ ప్రభుత్వం పిల్లలున్న ఇళ్లకీ, పేద వృద్ధులకీ మనిషికి 20,000 యెన్ల కూపన్లు పంచింది. గడువులోగా స్థానిక కొట్లలోనే ఖర్చు పెట్టాలని షరతు. చాలా ఇళ్లలో ఏం చేశారంటే, ఎలాగూ కొనాల్సిన సరుకులు కూపన్లతో కొని, ఆ మేరకు చేతి డబ్బు దాచుకున్నారు.

కోట కూడలి
ఇదంతా ఉచితాల వల్ల వచ్చిన తంటా. పింఛన్లు, ఖాతాల్లో డబ్బులు, ఉచిత బస్సు. ఇవన్నీ ఆపి పన్నులు తగ్గిస్తే వ్యాపారం తనంత తానే లేస్తుంది. ప్రభుత్వం పక్కకి తప్పుకుంటే చాలు.

నాగావళి అప్ప
కోట కూడలి తమ్ముడూ, నాది ఆమదాలవలస పక్కన పల్లెలో కిరాణా కొట్టు. ఒక్కసారి 1వ తేదీన మా కొట్టుకి వచ్చి కూర్చో. తెల్లవారకుండానే గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి 4,000 పింఛను చేతిలో పెడతారు. ఎనిమిది గంటలకల్లా మా అరుగు నిండిపోతుంది. మా వీధి చివర ఒక ముసలమ్మ ఉంది. ముందు బీపీ మాత్రలు తెచ్చుకుంటుంది. తర్వాత మా దగ్గర అర కిలో మినప్పప్పు, పావు కిలో చింతపండు, మనవడికి బిస్కెట్ ప్యాకెట్టు, తనకి పొగాకు కాడ. పోయిన నెల బాకీ 340 తీర్చి, మిగిలింది కొంగున ముడేసుకుంటుంది. ఆ ముడి 10వ తేదీకల్లా విప్పేస్తుంది. ఆ డబ్బు ఒక్క పూట కూడా ఊరికే పడి ఉండదు. అది ఆగిపోతే ముందు ఆవిడ పస్తులుంటుంది, రెండో నెలకి నా కొట్టు మూతపడుతుంది.

కోట కూడలి
అప్పా, ఆవిడ తినకూడదని నేను అనడం లేదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? అప్పు. శ్రీలంక ఏమైంది మరి?

పాత బీకాం
శ్రీలంక ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరుగుతుంది. 2019 చివర్లో అక్కడ వ్యాట్ అనే అమ్మకపు పన్ను 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. పన్నులు తగ్గిస్తే వ్యాపారం లేస్తుందనే లెక్కతోనే. వ్యాపారం లేవలేదు, ఖజానా ఆదాయం మాత్రం పడిపోయింది. ఆ వెంటనే కోవిడ్‌తో పర్యాటకం ఆగింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. పెట్రోలుకీ, వంట గ్యాసుకీ జనం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు.

మనకీ వాళ్లకీ ఒక పెద్ద తేడా ఉంది. వాళ్లు తీర్చాల్సింది డాలర్లలో, ఆ డాలర్లు అయిపోయాయి. మన ప్రభుత్వాల అప్పు చాలా మటుకు రూపాయల్లోనే, దేశంలోనే ఉంది. అంటే ఎంతైనా చేయొచ్చని కాదు. వడ్డీలకే బడ్జెట్‌లో పెద్ద వాటా పోతే రోడ్డుకీ, కాలవకీ ఏం మిగులుతుంది?

కోట కూడలి
సరే, పన్ను తగ్గింపు గురించి చెప్పింది ఒప్పుకుంటాను. అప్పు గురించి నా బెంగ మాత్రం అలాగే ఉంది.

రాజాం గోనెసంచి
అందరూ గిరాకీ గిరాకీ అంటున్నారు. గిరాకీ ఉండి కూడా మూతపడిన బతుకు మాది. అది కూడా వినండి.

నేను జ్యూట్ మిల్లులో 22 ఏళ్లు పని చేశాను. మా సరుకు కొనేది ఎవరనుకున్నారు? ప్రభుత్వమే. 1987లో చట్టం చేశారు. దాని ప్రకారం ఆహార ధాన్యాలు మొత్తం, పంచదారలో 20 శాతం గోనె సంచుల్లోనే నింపాలి. ఇప్పుడు చంపావతి గట్టు గారు చెప్పిన ధాన్యం కూడా గోనె సంచిలోకే ఎక్కుతుంది. ఇంతకంటే గట్టి ప్రభుత్వ విధానం ఉంటుందా? ఇంతకంటే ఖాయమైన గిరాకీ ఉంటుందా?

అయినా మా గేటుకి తాళం పడింది. ముడి జనుము బెంగాల్ నుంచి రావాలి. అక్కడ పంట తగ్గితే, దళారులు దాచేస్తే ఇక్కడ మగ్గం ఆగిపోతుంది. ఈ ఏడు ఆ రేటు ఎలా మండిపోతోందో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. మిషన్లు మా తాతల కాలం నాటివి. కరెంటు బిల్లు ఒక పక్క. యాజమాన్యం నష్టం అంటుంది, మేం బకాయిలు అంటాం, మధ్యలో నోటీసు అంటిస్తారు.

మిల్లు కూతకి ఊరు ఊరంతా గడియారం సరిచూసుకునేది. గేటు ఎదురుగా మూడు టీ కొట్లు, ఒక సైకిల్ పంచర్ల షాపు, ఒక మెస్సు ఉండేవి. కూత ఆగిన నాలుగు నెలలకి మిగిలింది ఒక్క టీ కొట్టు. అది నడిపే ఆవిడ కూడా పాలు అర లీటరుకి మించి పొయ్యి మీద పెట్టడం లేదు. బట్టల కొట్టు అన్నగారూ, మీ గొలుసు ఎక్కడ తెగిందని అడిగారు కదా. ఇలాంటి గేట్ల దగ్గర తెగింది. జీతం రాని ఇంటికి పన్ను ఐదు శాతమైతే ఏటి, పన్నెండు శాతమైతే ఏటి?

నాగావళి అప్ప
చదువుతుంటే గుండె బరువెక్కింది తమ్ముడూ. పీఎఫ్ డబ్బులైనా వచ్చాయా?

రాజాం గోనెసంచి
సగం వచ్చాయి అప్పా. మిగతా వాటికి తిరుగుతున్నాం.

పలాస పిక్క
గోనెసంచి గారి బాధ నిజం. కానీ గిరాకీని తీసిపారేయకండి. మా పలాస, కాశీబుగ్గ బతికేది పండగ గిరాకీ మీదే. దీపావళి మిఠాయిలకీ పెళ్లిళ్లకీ జీడిపప్పు లేస్తేనే ఇక్కడ బాయిలర్లు వెలుగుతాయి. ఉద్దానం జీడి పిక్క చాలక ఆఫ్రికా నుంచి కూడా తెప్పిస్తారు. మా అమ్మ పదిహేనేళ్లు కటింగ్‌లో పని చేసింది. జీడి రసానికి వేళ్లు నల్లబడి చర్మం పొరలు పొరలుగా ఊడిపోయేది. అన్నం కలుపుకుంటే మండుతుందని స్పూనుతో తినేది. పప్పు కదలని నెలల్లో చేతులు మామూలు రంగుకి వచ్చేవి. అప్పుడు ఇంట్లో అందరికీ టెన్షన్. అమ్మ చేతులు బాగున్నాయంటే ఇంట్లో డబ్బు లేదని మాకు చిన్నప్పుడే తెలుసు.

ఎక్కడో హైదరాబాదులో ఒకాయన కాజు బర్ఫీ కొంటే మా అమ్మకి కూలి దొరికింది. కాబట్టి జనం కొనడం వల్ల ఏమీ జరగదంటే నేను ఒప్పుకోను.

పాత బీకాం
పలాస పిక్క చెప్పినది 1936లో ఆర్థికవేత్త కీన్స్ రాసిన మాటే. ఒకడి ఖర్చు ఇంకొకడి ఆదాయం. అందరూ ఒకేసారి భయపడి ఖర్చు మానేస్తే అందరి ఆదాయమూ పడిపోతుంది, అప్పుడు ప్రభుత్వం దిగి ఖర్చు పెట్టాలి అన్నాడు. మన దేశ ఉత్పత్తి లెక్కలో దాదాపు 60 శాతం ఇళ్ల ఖర్చే. ఎంత ఇచ్చారన్న దానితో పాటు, ఆ రూపాయి చేతులు మారుతూ మన జిల్లా దాటేలోపు ఎంతమందిని తాకిందో కూడా చూడాలి. అప్ప కొట్లో మినప్పప్పుకి ఇచ్చిన రూపాయి వేరు, ఫోన్లో ఆర్డరు పెట్టిన రూపాయి వేరు.

కవిటి కొబ్బరి
ఒక్కసారి ఇచ్చే డబ్బుకీ ఏటా వచ్చే డబ్బుకీ తేడా మా ఉద్దానం వాళ్లని అడగండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. తెల్లారేసరికి మా తోటలో నిలబడి ఉన్న చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పరిహారం ఇచ్చారు, కాదనను. ఆ డబ్బు ఇంటి కప్పుకీ పాత అప్పుకీ సరిపోయింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లు మా అన్న చెన్నైలో హోటల్లో, నేను విజయవాడలో. తోట మళ్లీ కాపు పట్టాకే మేం బజారులో మనుషులమయ్యాం.

సోంపేట మేస్త్రి
వలస మాట వచ్చింది కాబట్టి నాదీ ఒకటి. 2020 మే నెలలో హైదరాబాద్ నుంచి లారీలో, నడుస్తూ, మళ్లీ లారీలో ఊరు చేరాను. పద్నాలుగు రోజులు బడిలో ఉంచారు. బయటికొచ్చేసరికి జేబులో 60 రూపాయలు. అప్పుడు ఊళ్లో దొరికింది ఒక్కటే పని, ఉపాధి హామీ. ఆ నెలలోనే కేంద్రం దానికి అదనంగా 40,000 కోట్లు ఇచ్చింది. రోజుకి 237 కూలి. మేస్త్రిగా నాకు అంతకు మూడు రెట్లు వచ్చేది, అయినా గునపం పట్టుకుని చెరువులో దిగాను. మా ఊరి సగం మంది ఆ చెరువులోనే ఉన్నారు. ఆ డబ్బు లేకపోతే ఆ రెండు నెలలు ఏం తినేవాళ్లమో ఊహించలేను. అప్పుడు కొట్లు తెరిచి ఉన్నా కొనేవాడు లేడు. మా కూలితోనే ఊళ్లో రెండు కిరాణా కొట్లూ నిలబడ్డాయి.

కోట కూడలి గారూ, అది ఉచితం కాదు. ఆ చెరువులో ఈ ఏడు కూడా నీళ్లున్నాయి.

కోట కూడలి
పని చేయించి కూలి ఇవ్వడాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు మేస్త్రీ. ఆస్తి మిగిలితే ఆ ఖర్చుకి నా ఓటు కూడా.

డెంకాడ కుర్రోడు
2025-26లో ఆ ఉపాధి కూలి రోజుకి 307. కానీ డబ్బు పడేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతోంది. మా అమ్మకి వేసవిలో చేసిన పని తాలూకు కూలి చాలా ఆలస్యంగా పడింది. ఈలోగా నూటికి మూడు వడ్డీకి తెచ్చాం. మధ్యలో వడ్డీ వ్యాపారి నిలబడ్డాడు.

భోగాపురం రోడ్డు
మా భోగాపురం విమానాశ్రయం, అటు మూలపేట పోర్టు. ఇవీ ప్రభుత్వ విధానమే కదా. ఎవరూ ఎత్తలేదేం? మా ఊళ్లో రెండు గదులు అద్దెకిచ్చి బతుకుతున్నాను. అద్దెకున్నది ఆ పనులకొచ్చిన ఒడిశా, బిహార్ కుర్రాళ్లు. మనవాళ్లు హైదరాబాద్ వెళ్తున్నారు, వాళ్లు ఇక్కడికి వస్తున్నారు.

సోంపేట మేస్త్రి
ఆ పనికి నేనూ అడిగి చూశాను. కాంట్రాక్టరు మనుషుల్ని ముఠాగా తెచ్చుకుంటాడు, ఒక్కడుగా వెళ్తే తీసుకోడు. నైపుణ్యం లేక కాదు.

భోగాపురం రోడ్డు
అయితే మనమూ ముఠా కట్టి అడగాలి. మా ఇంట్లో ఉండే సూపర్‌వైజర్‌ని రేపు కనుక్కుంటాను, ఆగండి.

బ్యాంకు కౌంటరు
బట్టల కొట్టు గారికి పనికొచ్చే మాట ఒకటి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్‌లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీని, 6.5 నుంచి 5.5కి దించింది. మీ వ్యాపారం లోను మీద వడ్డీ ఆ మేరకు తగ్గిందా? 2019 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారాలకి మారే వడ్డీ మీద ఇచ్చే కొత్త లోన్లన్నీ రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టాలి. అంతకుముందువి పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండొచ్చు. వాటిలో తగ్గింపు చాలా నెమ్మదిగా దిగుతుంది. అడగనివాళ్లకి ఎవరూ మార్చి ఇవ్వరు.

గంటస్తంభం బట్టలకొట్టు
నాది 2017లో తీసుకున్న ఓడీ, అదే ఓవర్‌డ్రాఫ్టు. ఈ ఏడాది పావు శాతం కూడా తగ్గినట్టు లేదు!

బ్యాంకు కౌంటరు
అదే మరి. సోమవారమే వెళ్లి రాతపూర్వకంగా అడగండి. మార్చడానికి ఫీజు ఎంతో ముందే కనుక్కోండి.

పొందూరు నూలు
బీకాం గారు రూపాయి జిల్లా దాటడం గురించి చెప్పారు కదా. మా ఇంట్లో మూడు తరాలుగా ఖాదీ. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకి, రాట్నం మీద వడికేది ఆడవాళ్లు. నేత మగవాళ్లు. పత్తి నుంచి పంచె దాకా మా చుట్టుపక్కలే అవుతుంది. గాంధీ జయంతికి రిబేటు ఇస్తే ఆ పది రోజులు కొంటారు, తర్వాత అలికిడి ఉండదు. వడికేవాళ్లలో అందరికంటే చిన్నావిడకి యాభై దాటాయి. బట్టల కొట్టు గారూ, కోపం తెచ్చుకోకండి. మీ కొట్లో మన వైపు తయారైన గుడ్డ ఎంత ఉంది?

గంటస్తంభం బట్టలకొట్టు
కోపం ఎందుకు? సూరత్ చీరలు, తిరుప్పూర్ బనియన్లు, ముంబయి చొక్కాలు. మన వైపుది అంటారా, ఇప్పుడు లేదు. నాన్నగారు ఉన్నప్పుడు ఒక అరంతా పొందూరు పంచెలే ఉండేవి.

నాగావళి అప్ప
రేపు 1వ తేదీ. రేపు మీ కొట్టుకి ఎవరొస్తారో, ఏం కొంటారో ఒక కాగితం మీద రాసి సాయంత్రం ఇక్కడ పెట్టండి. నేనూ రాస్తాను. ఊరికే అనుకోవడం దేనికి, చూద్దాం.

గంటస్తంభం బట్టలకొట్టు
రాశాను అప్పా. పింఛను డబ్బుతో వచ్చినవాళ్లు పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మంది పాత పద్దు తీర్చారు, అందరిదీ కలిపి 6,250. కొత్తగా కొన్నది ఐదుగురు. నాలుగు దుప్పట్లు, ఒక మఫ్లరు. చలి మొదలైంది కదా. పద్దు తీర్చిన ఒక పెద్దాయన వెళ్తూ గుమ్మంలో ఆగి, ఒక పంచె చేత్తో తడిమి, మళ్లీ నెల చూద్దాం బాబూ అని వెళ్లిపోయాడు. వచ్చిన డబ్బులో 5,000 మధ్యాహ్నమే సూరత్ వాళ్ల బాకీకి పంపేశాను. బీకాం గారు చెప్పింది నా చేతి మీదుగానే జరిగింది. రూపాయి మా కొట్లో గట్టిగా నాలుగు గంటలు ఉంది.

బ్యాంకుకి కూడా వెళ్లాను. అర్జీ తీసుకున్నారు.

నాగావళి అప్ప
నా దగ్గర 41 మంది. ముప్పై ఒక్కమంది బాకీ తీర్చి మళ్లీ సరుకు పట్టుకెళ్లారు. బియ్యం ఎవరూ కొనలేదు, రేషన్‌లో వస్తాయి. నూనె, పప్పు, సబ్బులు పోయాయి. సబ్బు మీద పన్ను 18 నుంచి 5 అయింది కదా, రెండు రూపాయలు తగ్గిందని ఒకావిడ మూడు తీసుకుంది.

కోట కూడలి
రెండు లెక్కలూ చదివాను. తొమ్మిది మంది పాత పద్దు తీర్చారంటే, అంతకుముందు మీరే వాళ్లకి అప్పు ఇచ్చి నిలబెట్టారన్నమాట. ఇది నేను ఆలోచించలేదు.

గంటస్తంభం బట్టలకొట్టు
పొందూరు నూలు గారూ, సంక్రాంతికి అల్లుళ్లకి పెట్టే పంచెలు ఒక ఇరవై కావాలి. మరీ సన్న నూలు వద్దు, మధ్యరకం చాలు. సగం డబ్బు ముందే ఇస్తాను. పండక్కి వారం ముందు అందుతాయా?

పొందూరు నూలు
పన్నెండైతే తప్పకుండా అందుతాయి. ఇరవై అంటే మగ్గం మానేసి మేస్త్రి పనికి వెళ్తున్న ఇద్దరిని మళ్లీ కూర్చోబెట్టాలి. రాత్రికి వాళ్లింటికి వెళ్లి అడిగి, రేపు పొద్దున్న చెప్తాను.